పని లేకపోయినా వచ్చి కూర్చునే గది

(ఒక విశ్వవిద్యాలయ మహిళా కేంద్రంలో, కొత్త విద్యా సంవత్సరం ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వెనక గోడకు ఆనుకుని మెస్ అక్కలు, పారిశుద్ధ్య పనులు చేసే అమ్మలు నిలబడి ఉన్నారు. ముందు రెండు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. దయచేసి వచ్చి కూర్చోండి. ఆ కుర్చీలు ఎవరి కోసమూ ఆపినవి కావని ఇప్పుడే అడిగి తెలుసుకున్నాను. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను.

ధన్యవాదాలు. ఈ రోజు నేను మాట్లాడబోయేది కూర్చోవడం గురించే.

నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. అందులో తొమ్మిదేళ్లు మరో విశ్వవిద్యాలయంలో మహిళా కేంద్రం బాధ్యత చూశాను. మొదటి రోజు నా చేతికి ఒక తాళం చెవి ఇచ్చారు. గది పరిపాలనా భవనం రెండో అంతస్తులో, వరండా చివర. బల్ల, బీరువా, కొత్త బోర్డు అన్నీ ఉన్నాయి. ఏడాది పాటు తలుపు తెరుచుకుని కూర్చున్నాను. సర్క్యులర్లు తెచ్చే అటెండరు తప్ప ఎవరూ గడప తొక్కలేదు. ఎవరూ రావడం లేదంటే ఇక్కడ ఆడపిల్లలకు ఇబ్బందులు లేవన్నమాట అని ఒక సమావేశంలో ఎవరో అన్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో ఏడు మా పీజీ విద్యార్థిని ఒకామె అసలు కారణం చెప్పింది. "మేడమ్, మీ గదికి రావాలంటే ఆరు ఆఫీసు గదులు దాటి రావాలి. ఏ పని మీద వచ్చావమ్మా అని ఆరుగురూ అడుగుతారు. ఏమని చెప్పమంటారు?" అంది.

ఆ వేసవిలో వెంటపడి గది మార్పించుకున్నాం. గ్రంథాలయం వెనక, మంచినీళ్ల ఫిల్టరు పక్కన, ఒకప్పుడు పాత పుస్తకాలకు అట్టలు వేసిన చిన్న గది. జిగురు వాసన చాలాకాలం పోలేదు. అయినా పిల్లలు రావడం మొదలుపెట్టారు. సీసాలో నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన అమ్మాయి తలుపు తీసి ఉంటే తొంగి చూస్తుంది. ఫ్యాను కింద ఐదు నిమిషాలు కూర్చుంటుంది. పేపరు తిరగేస్తుంది. మూడో రోజో, ముప్ఫయ్యో రోజో నోరు విప్పుతుంది. దారిలో ఎవరు చూసినా నీళ్ల కోసం వెళ్లిందనే అనుకుంటారు.

కౌన్సెలింగ్, న్యాయ సహాయం, ఆరోగ్య శిబిరాలు, అత్యవసర నిధి, ఇవన్నీ మహిళా కేంద్రం పనులే. మీ కరపత్రంలో కూడా చక్కగా ఉన్నాయి. నేను చూసినంతలో ఇవన్నీ మొదలయ్యేది మాత్రం ఆ ఫ్యాను కింది ఐదు నిమిషాల్లోనే. పని లేని రోజున వచ్చి కూర్చున్న చోటికే, పని పడిన రోజున రావడానికి కాళ్లు ఆడతాయి.

మన దగ్గర ఈ సంగతి చాలా ముందే గ్రహించిన ఒక విద్యార్థిని ఉంది. 1930ల్లో దుర్గాబాయి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతి శాస్త్రం చదవాలని వెళ్లింది. రాజమండ్రి పిల్ల, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చిన మనిషి. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చింది. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఇంకెవరైనా ఉంటే తనకు తెలియజేయమని అడిగింది. తెలియజేశారు. వాళ్లంతా కలిసి వసతి ఏర్పాటు చేసుకున్నారు, చదువుకున్నారు. తర్వాతి కాలంలో రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆమే. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిందీ ఆమే. ఆ సభకు విత్తనం పడింది కూడా ఇలాగే, చుట్టుపక్కల ఆడపిల్లలను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు చదివించడంలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీ అధ్యయన కేంద్రానికి ఆమె పేరు పెట్టారని విన్నప్పుడల్లా నాకు ఆ పత్రికా ప్రకటనే గుర్తుకొస్తుంది. ఒక్కతే ఉన్నప్పుడు లేదన్నారు. పదిమందిని వెతుక్కుని వెళ్లింది.

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. స్త్రీ అధ్యయన కేంద్రం వేరు, అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేరు, ఇప్పుడు మనం కూర్చున్న ఈ సహాయ కేంద్రం వేరు. మొదటిది చదువు, పరిశోధన. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, ఇచ్చిన నిధులతో అలాంటి కేంద్రాలు దేశమంతటా వచ్చాయి. రెండోది లైంగిక వేధింపుల ఫిర్యాదులపై చట్టం ప్రకారం విచారణ జరిపే కమిటీ. మూడోది వినే చోటు. చాలా చోట్ల ఈ మూడింటికీ ఒకే బోర్డు, ఒకే మేడమ్ ఉంటారు. అది మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. వినే మనిషే రేపు విచారణ బల్ల వెనక కూర్చుంటుందంటే ఏ పిల్లా మనసు విప్పి మాట్లాడలేదు. దయచేసి ఆ రెండు కుర్చీలనూ వేరుగా ఉంచండి.

ఇప్పుడు చట్టం సంగతి. ముందు వరసలోకి వచ్చిన అమ్మలు బాగా వినాలి. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్లో భన్వరీదేవి అనే ఆమె ఉంది. కుమ్మరి కుటుంబం. ప్రభుత్వ పథకంలో కొద్దిపాటి గౌరవ వేతనానికి పనిచేసే గ్రామ కార్యకర్త. 1992లో ఊళ్లో ఒక బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమెకు జరిగిన అన్యాయం చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టడానికి 1997లో కోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, కోర్టుకు వెళ్లిన సంఘాల్లో ఒకదాని పేరు. ఆ మార్గదర్శకాల నుంచే లైంగిక వేధింపుల మీద 2013 చట్టం వచ్చింది. ఈ రోజు ప్రొఫెసర్లు, ఇంజినీర్లు, డాక్టర్లు అందరూ ఆసరాగా తీసుకుంటున్న చట్టం వెనక ఉన్నది పల్లెలో పనిచేసిన ఒక పేద స్త్రీ.

అందుకే ఆ చట్టంలో ఉద్యోగి అన్న మాటకు చాలా పెద్ద అర్థం ఉంది. పర్మనెంటు, టెంపరరీ, రోజు కూలీ, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, అందరూ ఉద్యోగులే. మీ జీతం కాంట్రాక్టరు ఇస్తున్నాడు కాబట్టి మీ గొడవ మాకు సంబంధం లేదని విశ్వవిద్యాలయం అనడానికి వీల్లేదు. మెస్‌లో గాని, హాస్టల్ వరండాలో గాని, బస్సులో గాని ఎవరైనా మీతో తప్పుగా ప్రవర్తిస్తే ఇక్కడి కమిటీకే చెప్పుకోవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టడంలో సాయం చేయాల్సిన బాధ్యత కూడా కమిటీదే.

యూజీసీ 2015 నిబంధనలు విద్యార్థులకు ఇంకో మెట్టు ఎక్కువే ఇచ్చాయి. విద్యార్థుల విషయం విచారణకు వచ్చినప్పుడు కమిటీలో ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధన నుంచి ఒకరు. వాళ్లు ఎన్నికైన వాళ్లు కావాలి, ఎవరో పిలిచి కూర్చోబెట్టిన వాళ్లు కాదు. వీసీ, రిజిస్ట్రారు, డీన్లు, శాఖాధిపతులు సభ్యులుగా ఉండకూడదు. ఇక్కడ ఆ ఎన్నిక ఎప్పుడు జరిగిందని మీరు అడగండి. అడగడం అమర్యాద కాదు.

గడువు విషయంలో కొంచెం సేపు ఆగాలి. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి అది. ఘటన జరిగిన మూడు నెలల్లోపు, పదే పదే జరిగితే చివరి ఘటన నుంచి మూడు నెలల్లోపు, ఫిర్యాదు ఇవ్వాలి. ఇవ్వలేకపోవడానికి తగిన కారణం ఉంటే కమిటీ దాన్ని రాసి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. అక్కడితో సరి. నా దగ్గరికి ఒక పరిశోధక విద్యార్థిని, ఘటన జరిగిన ఎనిమిదో నెలలో వచ్చింది. అప్పటికి మేము జిగురు వాసన గదిలోకి మారి రెండు వారాలైంది. అంతా విన్నాక, ఇంత ఆలస్యం ఎందుకైందమ్మా అని అడిగాను. "పాత గదికి రెండుసార్లు వచ్చాను మేడమ్. మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను" అంది.

ఆ గడువు దాటిపోవడంలో మా గదికి వాటా ఉంది. పోలీసు ఫిర్యాదు దారి వేరని, దానికి ఈ మూడు నెలల లెక్క లేదని ఆమెకు చెప్పాం. ఆమె అటు వెళ్లదలచుకోలేదు. అది ఆమె నిర్ణయం, మేం గౌరవించాం. మాకు చేతనైంది చేశాం. గైడును మార్పించాం. ప్రయోగశాల వేళలు మార్పించాం. మా గదిలోనే ఒక మూల బల్ల వేసి ఇచ్చాం. ఆ బల్ల మీదే ఆమె సిద్ధాంత గ్రంథం పూర్తయింది. దాని ప్రతి ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. కానీ ఆమెకు అందాల్సిన న్యాయం అది కాదు.

వినేవాళ్లకు ఒక మాట. ఇక్కడ కౌన్సెలర్లుగా కూర్చోబోయే చిన్న అధ్యాపకులు మరీ శ్రద్ధగా వినాలి. "ఏ విషయమైనా నాతో చెప్పమ్మా, ఎవరికీ చెప్పను" అని మనం అలవాటుగా అనేస్తాం. మొదటి సంవత్సరంలో చేరిన పిల్లల్లో పదిహేడేళ్ల వాళ్లు ఉంటారు. పద్దెనిమిది నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. తెలిసీ చెప్పకపోతే అదీ నేరమే. కాబట్టి ముందే నిజం చెప్పండి. "నీ మాట నా దగ్గరే ఉంటుంది. నీ వయసు పద్దెనిమిది లోపైతే, లేదా నీ ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం నేను మరొకరికి చెప్పాల్సి వస్తుంది. ఆ చెప్పేటప్పుడు నీ పక్కనే ఉంటాను" అని మొదటి రోజే చెప్పండి. అలా చెబితే పిల్లలు భయపడి వెళ్లిపోతారని నేనూ మొదట్లో అనుకున్నాను. వెళ్లలేదు. దాచకుండా చెప్పిన మనిషిని ఇంకా ఎక్కువ నమ్మారు.

మీరు వినగలిగినంత వినండి. చేయలేని పనిని మీద వేసుకోకండి. రాత్రిపూట మనసు మరీ కుంగిపోతే 14416కి ఫోను చేయవచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి, తెలుగులో మాట్లాడతారు. హింస విషయమైతే 181. మా విద్యార్థిని ఒకామె తల్లి, ఒక ఆదివారం ఉదయం కట్టుబట్టలతో మా గది ముందుకు వచ్చి కూర్చుంది. ఇంట్లో దెబ్బలు. మా దగ్గర మంచం లేదు, వైద్యం లేదు. జిల్లాలో సఖి కేంద్రం ఉంది. 2015 నుంచి దేశమంతటా పెట్టిన వన్ స్టాప్ సెంటర్లు అవే. వైద్యం, పోలీసు, న్యాయ సలహా, అయిదు రోజుల దాకా తాత్కాలిక ఆశ్రయం, అన్నీ ఒకే చోట దొరుకుతాయి. మేం చేసిందల్లా ఆమెతో పాటు ఆటోలో వెళ్లడం. ఫోను నంబరు చీటీ మీద రాసి చేతికిస్తే ఆమె వెళ్లి ఉండేది కాదు.

పరిశోధక విద్యార్థినులకు రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి తెలియక చదువు మానేసిన వాళ్లను చూశాను. పీహెచ్‌డీ కాలం మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి సెలవు గాని, పిల్లల సంరక్షణ సెలవు గాని తీసుకోవచ్చు. పెళ్లి వల్లనో మరో కారణంతోనో వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, చేసిన పరిశోధన సమాచారాన్ని వెంట తీసుకుని అక్కడి విశ్వవిద్యాలయంలో కొనసాగించుకునే వీలు యూజీసీ నిబంధనల్లో ఉంది. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలని ఎవరైనా అంటే, ఆ నిబంధన కాగితం ఈ కేంద్రంలో ప్రింటు తీసి పెట్టమని అడగండి.

వార్డెన్లతో నాకు పేచీ లేదు. రాత్రి ఒక పిల్ల రావడం ఆలస్యమైతే ముందు ఫోను మోగేది మీ ఇంట్లోనే. తల్లిదండ్రులు నిలదీసేదీ మిమ్మల్నే. మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా ఒక మాట సూటిగా చెప్పాలి. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టల్‌కు పెట్టకూడదని అదే 2015 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. గేటు ఏడింటికి మూస్తే గ్రంథాలయం ఎవరికి తెరిచి ఉన్నట్టు? మా దగ్గర మేం ఒక పని చేశాం. నలుగురు విద్యార్థినులు, ఇద్దరు వార్డెన్లు, ఒక ఎలక్ట్రీషియను, అందరూ కలిసి రాత్రి తొమ్మిదికి గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా నడిచారు. దీపం వెలగని ప్రతి స్తంభం దగ్గర ఆగి కాగితం మీద గుర్తు పెట్టుకున్నారు. ఒక పెద్ద వార్డెనమ్మ, ఇరవై ఏళ్లుగా ఆ హాస్టల్ చూస్తున్న మనిషి, రాత్రిపూట ఆ దారిన నడవడం తనకు అదే మొదటిసారి అని చెప్పింది. దీపాలు వెలిగించాక, రాత్రి బస్సు ఒకటి వేయించాక, గేటు వేళ పెంచమని అడిగింది ఆవిడే.

ఇక క్యాంపస్ దాటి వెళ్దాం. సామాజిక కార్యక్రమాలు అనగానే మనం చార్టులు పట్టుకుని ఊళ్లోకి వెళ్తాం. మేమూ వెళ్లాం. రక్తహీనత గురించి మా పిల్లలు బాగానే చెప్పారు. ఆడవాళ్లు ఓపికగా విన్నారు. ముగిశాక ఒక ముసలామె మడతలు పెట్టిన కాగితం ఒకటి కొంగు ముడిలోంచి తీసి మా విద్యార్థిని చేతిలో పెట్టింది. "ఇది చదివిపెట్టు తల్లీ" అంది. అది కూతురి మనోవర్తి కేసులో కోర్టు వాయిదా నోటీసు. వాయిదా నాలుగు రోజుల్లో ఉంది.

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరుకుతారు. 15100కి ఫోను చేసినా చాలు. ఆ ముసలామెకు ఇది ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు దాకా మా పిల్లల్లోనూ చాలామందికి తెలియదు. ఆ తర్వాత మేం చార్టులు మానేశాం. ప్రతి శనివారం రామాలయం అరుగు మీద ఇద్దరు విద్యార్థినులు కూర్చునేవారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి, అర్థం చెప్పి, ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు. సంఘం పొదుపు పుస్తకం, పింఛను దరఖాస్తు, బ్యాంకు నోటీసు, పాసుపుస్తకంలో తప్పు పడిన పేరు. మా లా విద్యార్థినులు కోర్టు భాషను మామూలు తెలుగులో చెప్పడం నేర్చుకున్నది ఆ అరుగు మీదే.

దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. నెల్లూరు జిల్లాలో, అక్షరాస్యత ఉద్యమం సాగుతున్న రోజుల్లో, ఆ ఊరి ఆడవాళ్లు రాత్రి బడిలో కలిసి కూర్చున్నారు. చదువుకుంటూ తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. సారా దుకాణం మూయించారు. అది 1992 నాటికి జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ తర్వాత అది నిలవలేదు, నిజమే. అయినా అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న చోటు ప్రభుత్వ విధానాన్నే మార్చింది. వాళ్లకు పోరాడమని ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పగలంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్లకు రాత్రి ఒక గంట కలిసి కూర్చునే వీలు దొరికింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.

ఒక విద్యార్థి: మేడమ్, మా స్నేహితురాలికి ఇలాంటిది జరిగిందని నాతో చెప్పింది. ఆమె తరఫున నేను ఫిర్యాదు ఇవ్వవచ్చా?

ముందు ఆమె ఏం కోరుకుంటోందో అడుగు బాబూ. ఆమె శారీరకంగా గాని, మానసికంగా గాని ఫిర్యాదు ఇవ్వలేని స్థితిలో ఉంటే స్నేహితులు, బంధువులు, తోటి విద్యార్థులు కూడా ఇవ్వవచ్చు. అంతకంటే ముందు నువ్వు చేయగలిగింది ఒకటి ఉంది. ఆమె నీతో చెప్పిన తేదీ, ఘటన జరిగిన తేదీ గుర్తుంచుకో. గడువు లెక్కకు పనికొస్తుంది. ఇంకో స్నేహితుడికి చెప్పకు. గ్రూపులో అసలే పెట్టకు. ఆమె ఇక్కడికి రావాలనుకుంటే తోడు రా. బయట కూర్చో.

మెస్‌లో పనిచేసే ఒకామె: అమ్మా, మేం పొద్దున ఐదింటికి వస్తాం, రాత్రి పదికి వెళ్తాం. మధ్యలో రెండు నుంచి నాలుగు దాకే మాకు తీరిక. మీరు వచ్చి కూర్చోండి అంటున్నారు. మేం వచ్చే వేళకు ఈ గది తలుపు మూసి ఉంటుంది.

డైరెక్టర్ గారూ, బయట బోర్డు మీద వేళలు ఎలా ఉన్నాయి? పది నుంచి రెండు, మళ్లీ నాలుగు నుంచి ఆరు. అంటే సరిగ్గా వాళ్లకు తీరిక దొరికే రెండు గంటలే మూత. ఆ భోజన విరామం ఇద్దరు వంతులవారీగా తీసుకోవడానికి వీలవుతుందా? అవుతుందంటున్నారు. చాలా సంతోషం. అయితే ఆ బోర్డు ఈ సాయంత్రమే మార్పించండి.

అమ్మా, నా బస్సు రేపు సాయంత్రం ఐదింటికి. రెండింటికి నేను ఈ గదిలోనే ఉంటాను. మీతో పాటు ఇంకెవరు వస్తారు?